క్యాష్ జీతం ఎగ్గొట్టి "ఇమిగ్రేషన్‌కి చెప్తా" అంటున్న ఓనర్: మెల్‌బోర్న్‌లో స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చదువుతున్నారు. ఏడు నెలలుగా ఒక ఇండియన్ రెస్టారెంట్ కిచెన్‌లో వారానికి 28 గంటలు చేస్తున్నారు. గంటకు 15 డాలర్లు, అదీ చేతికి క్యాష్. పేస్లిప్ అన్నది ఎప్పుడూ చూడలేదు. చివరి ఐదు వారాల డబ్బు అసలు ఇవ్వలేదు. గట్టిగా అడిగితే ఓనర్ "నువ్వు 48 గంటలు దాటి చేశావు, నేనొక్క మెయిల్ పెడితే ఇంటికి పోతావు" అన్నాడు. ఫిర్యాదు చేస్తే వీసా పోతుందా, డబ్బు వదిలేసుకోవడమే మంచిదా అని మీ సందేహం.

డబ్బు వదులుకోకండి. జీతం కోసం ఫిర్యాదు చేసినందుకు వీసా పోదు. 48 గంటలు దాటడం మాత్రం నిజంగానే షరతు తప్పడం, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కానీ సరిగ్గా మీలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్ల కోసమే 2024 జులైలో ఒక రక్షణ వచ్చింది. జీతం వేరు, వీసా వేరు. ఓనర్ ఆ రెండింటినీ ఒకే ముడి వేసి మిమ్మల్ని భయపెడుతున్నాడు. వాటిని విడదీసుకుంటే మీ దారి మీకే కనిపిస్తుంది.

ముందు వీసా సంగతి, ఎందుకంటే మీకు నిద్ర పట్టనివ్వనిది అదే.

మీ స్టూడెంట్ వీసా, అంటే సబ్‌క్లాస్ 500 మీద 8105 అనే షరతు ఉంటుంది. కోర్సు నడుస్తున్న రోజుల్లో రెండు వారాలకు 48 గంటలకు మించి పని చేయకూడదు. 2023 జులై 1 నుంచి ఉన్న లెక్క ఇది. యూనివర్సిటీ సెలవుల్లో పరిమితి లేదు. రీసెర్చ్ మాస్టర్స్, పీహెచ్‌డీ వాళ్లకు కోర్సు మొదలయ్యాక పరిమితే లేదు. చాలామంది తప్పు చేసేది రెండు వారాలను లెక్కపెట్టడంలో. ఏ సోమవారం నుంచి మొదలుపెట్టినా 14 రోజుల లెక్క సరిపోవాలి. ఉదాహరణకి మొదటి వారం 20, రెండో వారం 28, మూడో వారం 28, నాలుగో వారం 20 గంటలు చేశారనుకోండి. ఒకటి, రెండు కలిపితే 48, మూడు, నాలుగు కలిపితే 48, అంతా బాగానే ఉందనిపిస్తుంది. రెండు, మూడు వారాలు కలపండి, 56 వచ్చింది. అక్కడే షరతు తప్పారు. ఫుడ్ డెలివరీ గంటలు, జీతం లేని "ట్రయల్" గంటలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

కాబట్టి ముందు మీ యూనివర్సిటీ క్యాలెండర్ తీసుకుని సెమిస్టర్ బ్రేక్ వారాలను పక్కన పెట్టండి. ఏడు నెలల్లో అవి కొన్ని ఉండి తీరతాయి, ఆ వారాల్లో మీరు తప్పేమీ చేయలేదు. మిగిలిన వారాల్లో రెండు వారాలకు 56 చొప్పున, అంటే 8 గంటలు ఎక్కువ. దీనికి వీసా తనంతట తాను రద్దు కాదు. రద్దు చేయాలనుకుంటే హోమ్ అఫైర్స్, అంటే వీసాలు చూసే ప్రభుత్వ శాఖ, ముందు నోటీసు ఇవ్వాలి, మీ వివరణ వినాలి, ఆ తర్వాతే నిర్ణయం.

ఇక ఆ రక్షణ ఎలా పనిచేస్తుందంటే: పనిచోట మీకు దోపిడీ జరిగిందని, జీతాల ఫిర్యాదులు చూసే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ లాంటి ప్రభుత్వ సంస్థ గానీ, గుర్తింపు పొందిన యూనియన్, లీగల్ సెంటర్ గానీ ధ్రువీకరించాలి. మీరు గంటల షరతు తప్పడానికీ ఆ దోపిడీకీ సంబంధం ఉండాలి. ఇకపై షరతులు పాటిస్తానని మీరు మాట ఇవ్వాలి. ఇవన్నీ ఉంటే, పని షరతు తప్పిన కారణంతో మీ వీసాను రద్దు చేయరు. గంటకు 15 డాలర్లే ఇస్తే అద్దె కట్టడానికి ఎక్కువ గంటలు చేయక తప్పదు, ఇవ్వాల్సిన జీతం ఆపి "ఈ వారం కూడా రా, అంతా కలిపి ఇస్తా" అంటే మానలేం. ఆ సంబంధం చూపించడం మీ విషయంలో కష్టం కాదు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఈ రక్షణ పనికి సంబంధించిన షరతులకే. క్లాసులకు పోవడం మానేసి ఉంటే, ఎన్‌రోల్‌మెంట్ పోయి ఉంటే ఇది కాపాడదు. అందుకే రేపటి నుంచి రెండు పనులు తప్పనిసరి: గంటలు 48 లోపుకి తెచ్చేయండి, అటెండెన్స్, ఫీజు ఎక్కడా తేడా రానివ్వకండి. ఫిర్యాదు పెట్టాక కూడా వేరే చోట 56 గంటలు చేస్తూ దొరికితే మీరిచ్చిన మాటకు విలువ ఉండదు.

కోర్సు అయిపోవచ్చి వీసా గడువు దగ్గర పడినవాళ్లకు ఇంకో దారి కూడా పెట్టారు, వర్క్‌ప్లేస్ జస్టిస్ వీసా. సబ్‌క్లాస్ 408 కింద ఇస్తారు, అప్లికేషన్ ఫీజు లేదు, ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఉండి కేసు నడుపుకోవచ్చు. మీకు ఇంకా కోర్సు ఉంది కాబట్టి ప్రస్తుతానికి ఇది అవసరం లేదు.

మీ ఓనర్ బెదిరింపు సంగతి కూడా చెప్పాలి. వీసాను అడ్డం పెట్టుకుని ఒక మనిషితో పని చేయించుకోవడం, షరతు తప్పేలా ఒత్తిడి చేయడం 2024 జులై 1 నుంచి ఆస్ట్రేలియాలో క్రిమినల్ నేరం. ఆ మాట మెసేజ్‌లో రాసి ఉంటే అది మీ చేతిలో ఉన్న బలమైన సాక్ష్యం. డిలీట్ చేయకండి, తిరిగి తిట్టకండి.

ఇప్పుడు డబ్బు సంగతి. "స్టూడెంట్ రేటు" అనేది ఆస్ట్రేలియా చట్టంలో లేదు. 2025 జులై 1 నుంచి జాతీయ కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. మీకు సిక్ లీవ్, యాన్యువల్ లీవ్ ఏమీ ఇవ్వలేదు కాబట్టి మిమ్మల్ని క్యాజువల్ కింద లెక్కేయాలి, దానికి 25 శాతం అదనం. అంటే గంటకు 31.19. ఇది ఏటా జులై 1న మారుతుంది. రెస్టారెంట్ అవార్డ్‌లో, అంటే ఆ రంగానికి కనీస రేట్లు చెప్పే నిబంధనల్లో, మీ లెవెల్‌ను బట్టి, మీ వయసు 20 లోపు అయితే దాన్ని బట్టి అటూ ఇటూ కావచ్చు, ఫెయిర్ వర్క్ వెబ్‌సైట్‌లో పే క్యాలిక్యులేటర్‌లో సరిచూసుకోండి. మీ ఏడు నెలలూ ఈ రేటు కిందకే వస్తాయనుకుని, సుమారు 30 వారాలుగా తీసుకుంటే:

జీతం అందిన 25 వారాలు, 700 గంటలు. గంటకు 16.19 తక్కువ ఇచ్చారు. 11,333 డాలర్లు.

జీతమే అందని 5 వారాలు, 140 గంటలు. 4,366.60 డాలర్లు.

మొత్తం 15,699.60. ఇది అతి తక్కువ లెక్క. శని, ఆదివారాలకు, పబ్లిక్ హాలిడేలకు రేటు ఇంకా ఎక్కువ, కిచెన్‌లో పని అంటే సగం షిఫ్టులు ఆ రోజుల్లోనే ఉంటాయి. దీని పైన సూపర్, అంటే మన పీఎఫ్ లాంటిది, 12 శాతం. 840 గంటలకు రావాల్సిన జీతం మీద 3,143.95 డాలర్లు. "క్యాష్ కదా, సూపర్ ఉండదు" అంటే నమ్మకండి. నెలకు 450 డాలర్లు దాటితేనే సూపర్ అనే పాత నియమం 2022 జులైలోనే పోయింది.

మీరు 48 దాటి చేసిన గంటలకు కూడా జీతం ఇవ్వాల్సిందే. వీసా షరతు తప్పినా ఫెయిర్ వర్క్ చట్టం హక్కులు పోవని 2023 సవరణలో స్పష్టంగా రాశారు. కాబట్టి లెక్కలో ఆ గంటలు దాచకండి. దాస్తే రెండు నష్టాలు: డబ్బు తగ్గుతుంది, తర్వాత రోస్టర్, అంటే షిఫ్టుల పట్టిక, బయటికి వస్తే మీ మాట మీద నమ్మకం పోతుంది.

సాక్ష్యాల దగ్గరే కేసు గెలుస్తుంది, లేదా పోతుంది. పేస్లిప్ లేదని దిగులు పడకండి. జీతం ఇచ్చిన ఒక పని దినం లోపు పేస్లిప్ ఇవ్వడం, రికార్డులు ఏడేళ్లు ఉంచడం ఆయన బాధ్యత. 2015లో సెవెన్-ఎలెవెన్ స్టోర్ల వ్యవహారం బయటపడినప్పుడు ఇదే చూశాం. స్టూడెంట్లతో పని చేయించుకున్న గంటల్లో సగమే రికార్డులో రాసి, మాట్లాడితే గంటలు దాటావని ఇమిగ్రేషన్‌కి చెప్తాం అని బెదిరించేవాళ్లు. బ్యాంకులో పూర్తి జీతం వేసి, కొంత క్యాష్‌గా వెనక్కి తీసుకునే పద్ధతి కూడా నడిచింది. చివరికి ఆ కంపెనీ 16 కోట్ల డాలర్లకు పైగా తిరిగి కట్టాల్సి వచ్చింది. 2017లో చట్టం మారింది. అప్పటి నుంచి, యజమాని రికార్డులు పెట్టకపోతే, పేస్లిప్ ఇవ్వకపోతే, మీరు చెప్పే గంటలు తప్పు అని రుజువు చేయాల్సిన భారం ఆయన మీదే పడుతుంది. జీతం వెనక్కి ఇమ్మనడమూ అదే చట్టంతో నిషేధం అయింది.

అయినా మీ వైపు నుంచి ఒక నమ్మదగిన లెక్క ఉండాలి. ఒక్క సాయంత్రం కూర్చుని ఇలా తయారు చేయండి. ఒక షీట్‌లో ఒక్కో వరుసకు ఒక్కో షిఫ్ట్: తేదీ, వారం, మొదలైన టైమ్, అయిపోయిన టైమ్, బ్రేక్, ఇచ్చిన డబ్బు, ఆ షిఫ్ట్‌కి ఆధారం. ఈ చివరి గడే ముఖ్యం. ఉదాహరణకి ఒక వరుస ఇలా ఉంటుంది: శుక్రవారం, సాయంత్రం 4:30 నుంచి రాత్రి 11:15, బ్రేక్ లేదు, 6.75 గంటలు, ఆధారం, గ్రూపులో పెట్టిన రోస్టర్ ఫొటో, రాత్రి 11:32కి మైకీ కార్డు (మెల్‌బోర్న్ రైలు, ట్రామ్, బస్సు కార్డు) ట్యాప్. మైకీని మీ పేరు మీద రిజిస్టర్ చేసి ఉంటే ట్రావెల్ హిస్టరీ వస్తుంది, పాతది కొన్ని నెలల తర్వాత దొరకదు కాబట్టి ఈరోజే డౌన్‌లోడ్ చేయండి. ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్ ఆన్‌లో ఉంటే అదీ. "ఈరోజు ఒక గంట ముందు రా" అన్న మెసేజ్‌లు, గోడ మీద అంటించిన రోస్టర్ ఫొటో, యూనిఫాంలో కిచెన్‌లో దిగిన ఫొటోలు, క్యాష్ తీసుకుని బ్యాంకులో వేసిన ఎంట్రీలు, అద్దెకి రూమ్‌మేట్‌కి పంపిన డబ్బు, అన్నీ పనికొస్తాయి.

వాట్సాప్ గ్రూపు విషయంలో చాలామంది దెబ్బ తింటారు. డబ్బు గట్టిగా అడిగిన రోజే గ్రూపు నుంచి తీసేస్తారు. అందుకే అడగడానికి ముందే చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి మీ ఈమెయిల్‌కి పంపుకోండి. స్క్రీన్‌షాట్లలో తేదీ, పంపినవాళ్ల నంబరు కనిపించాలి. రెస్టారెంట్ బోర్డు మీద ఉన్న పేరు కాకుండా దాని వెనక ఉన్న కంపెనీ పేరు కావాలి. బిల్లు రసీదు మీద ఏబీఎన్, అంటే వ్యాపార రిజిస్ట్రేషన్ నంబరు, ఉంటుంది, ఏబీఎన్ లుకప్ వెబ్‌సైట్‌లో వెతికితే అసలు పేరు వస్తుంది. తప్పు పేరు మీద కేసు వేస్తే నెలలు వృథా.

చేయకూడనివి: కస్టమర్ల వివరాలు, అకౌంట్ల ఫైళ్లు తీసుకోకండి. దొంగచాటుగా మాటలు రికార్డ్ చేయకండి, ఈ చట్టం ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంది. "అన్నీ ముట్టాయి" అని రాసిన కాగితం మీద సంతకం పెట్టమంటే, రెండు వేలు చేతిలో పెట్టినా సరే, పెట్టొద్దు.

ఆధారాలు భద్రం చేసి, వీసా రక్షణ గురించి చివర్లో చెప్పిన ఉచిత సెంటర్లలో ఒకరితో మాట్లాడాక, ఓనర్‌కి రాతలో అడగండి. ఇంగ్లీషులో, చిన్నగా, మర్యాదగా. నాలుగు విషయాలు చాలు: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పని చేశారు, మొత్తం గంటలెన్ని, రావాల్సింది ఎంత, ఏ తేదీలోపు బ్యాంకులో వేయాలి. 14 రోజులు గడువు ఇస్తే సరిపోతుంది. అందులో "ఇవ్వకపోతే ఏటీఓకి (టాక్స్ ఆఫీసుకి) చెప్తా, పేపర్లో వేయిస్తా" లాంటి మాటలు వద్దు. ఆ ఉత్తరం రేపు కోర్టులో చదువుతారు అనుకుని రాయండి.

గడువు దాటితే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్. ఫోన్ 13 13 94. ఇంగ్లీషులో తడబడతామనుకుంటే ముందు 13 14 50కి చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలనండి, వాళ్లే కలుపుతారు, ఖర్చు లేదు. ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. పేరు చెప్పకుండా సమాచారం ఇచ్చే దారి ఒకటి ఉంది, పేరుతో సహాయం అడిగే దారి ఇంకొకటి. పేరు లేకుండా ఇచ్చిన దానితో మీ డబ్బు రాదు. అది ఆ షాపు మీద ఎప్పుడైనా తనిఖీకి పనికొస్తుంది, అంతే. మీకు జీతం కావాలంటే పేరుతోనే వెళ్లాలి.

ఆంబుడ్స్‌మన్ ప్రతి కేసునూ కోర్టుకు తీసుకెళ్లదు. ఓనర్ మొండికేస్తే మిమ్మల్ని స్మాల్ క్లెయిమ్స్‌కి, అంటే చిన్న మొత్తాల కేసులు సులువుగా వినే కోర్టు విధానానికి, పొమ్మంటారు. అది ఓటమి కాదు, నిజానికి చాలా జీతాలు అక్కడే వస్తాయి. లక్ష డాలర్ల వరకు అడగొచ్చు, లాయర్ అక్కర్లేదు, జడ్జి నేరుగా మీతో మాట్లాడతారు. జీతం రావాల్సిన రోజు నుంచి ఆరేళ్ల వరకు సమయం ఉంది. కావాలనే జీతం ఎగ్గొట్టడం 2025 జనవరి 1 నుంచి క్రిమినల్ నేరం కూడా, కానీ ఆ దారి ప్రభుత్వం చూసుకునేది, మీ డబ్బు వచ్చేది సివిల్ దారిలో.

ఆరేళ్లు ఉంది కదా అని కూర్చోవద్దు. కంపెనీ దివాలా తీస్తే ఉద్యోగులకు బకాయిలు ఇచ్చే ప్రభుత్వ పథకం ఒకటి ఉంది, కానీ అది సిటిజన్లకు, పర్మనెంట్ వీసా వాళ్లకు, న్యూజిలాండ్ వాళ్లకు ఇచ్చే వీసా ఉన్నవాళ్లకు. స్టూడెంట్ వీసాకి అందులో పైసా రాదు. ఇది చాలా అన్యాయమైన ఖాళీ, కానీ ప్రస్తుతం అలాగే ఉంది. ఓనర్ ఒక కంపెనీ మూసేసి అదే షాపులో ఇంకో పేరుతో తెరిస్తే పాత కంపెనీ నుంచి రాబట్టడం దాదాపు అసాధ్యం. అందుకని రోజులు చాలా ముఖ్యం.

ఇంకా ముఖ్యమైన గడువు 21 రోజులు. జీతం అడిగినందుకు గానీ, మీ జాతి, దేశం కారణంగా గానీ మిమ్మల్ని తీసేస్తే, తీసేసిన రోజు నుంచి 21 రోజుల్లోపు ఫెయిర్ వర్క్ కమిషన్‌లో అప్లికేషన్ పడాలి. కమిషన్ వేరు, ఆంబుడ్స్‌మన్ వేరు: ఉద్యోగం తీసేసిన వివాదాలు కమిషన్ చూస్తుంది, జీతం బకాయిలు ఆంబుడ్స్‌మన్ చూస్తుంది. పేర్లు దగ్గరగా ఉండి చాలామంది ఒకచోట చెప్పి రెండోచోట గడువు పోగొట్టుకుంటారు. మీ కిచెన్‌లో లోకల్ వాళ్లకు పూర్తి రేటు ఇచ్చి ఇండియన్ స్టూడెంట్లకు మాత్రమే 15 ఇస్తున్నారని రాశారు కదా, అది నిజమైతే తక్కువ జీతంతో పాటు వివక్ష కింద కూడా వస్తుంది. ఆ మాట మొదటి ఫోన్ కాల్‌లోనే చెప్పండి. లోకల్ వాళ్ల రేటు మీకు ఎలా తెలిసిందో కూడా రాసి పెట్టుకోండి, వాళ్లలో ఒక్కరు సాక్ష్యం చెప్తే చాలు.

స్పాన్సర్‌షిప్ గురించి ఒక్క లైన్‌లో అడిగారు, దానికి గట్టిగానే చెప్పాలి. "ఇంకో ఏడాది ఇలా చెయ్యి, కొంత డబ్బు కట్టు, స్పాన్సర్ చేస్తా" అనేది 2015 డిసెంబర్ నుంచి చట్టవిరుద్ధం. అడిగినవాడికే కాదు, ఇచ్చినవాళ్లకు కూడా. వీసా కోసం డబ్బు ఇస్తానని ఒప్పుకుంటే మీ వీసాకే ఎసరు. ఈ ఒక్క విషయంలో ఓనర్ మాట కన్నా మీ జవాబే ప్రమాదం, కాబట్టి మెసేజ్‌లో "సరే" అని కూడా రాయకండి.

మనవాళ్ల షాపుల్లో ఇంకో ఒత్తిడి ఉంటుంది, అది ఏ చట్టంలోనూ రాయరు. ఉద్యోగం సీనియర్ ద్వారా వస్తుంది. సమస్య వస్తే "నా పరువు తీయకు" అని సీనియర్ అంటాడు. ఓనర్ తరఫు బంధువు ఎవరో ఊళ్లో నాన్నకి ఫోన్ చేసి "మీ అబ్బాయి గొడవలు పెట్టుకుంటున్నాడు, వీసా పోతుంది" అంటారు. ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తెచ్చిన మనిషికి ఆ ఫోన్ వస్తే, ఆయన మీకు చేసి చెప్పే మొదటి మాట "వదిలేయ్ నాన్నా" అనే. అందుకే ముందు మీరే ఇంట్లో చెప్పండి. నేను చట్టప్రకారం రావాల్సిన జీతం అడుగుతున్నాను, దీనికి వీసా పోదు, ఎవరు ఫోన్ చేసినా మాట్లాడి పెట్టేయండి అని. ఇంట్లోవాళ్లకి ముందే తెలిస్తే ఆ ఫోన్‌కి బలం ఉండదు. ఓనర్ ఇంట్లోనే గదిలో ఉంటున్నట్టయితే, డబ్బు అడిగే ముందే వేరే గది చూసుకోండి. పాస్‌పోర్ట్ ఆయన దగ్గర ఉంటే ముందు అది తీసుకోండి. దాన్ని పట్టుకునే హక్కు ఏ యజమానికీ లేదు. ఇవ్వకపోతే పోలీసులకు చెప్పండి, మెల్‌బోర్న్‌లోని మన కాన్సులేట్‌కి కూడా.

మిగతావి త్వరగా. సూపర్ రాలేదని ఏటీఓకి విడిగా ఫిర్యాదు చేయాలి, ఫెయిర్ వర్క్‌కి చెప్తే సరిపోదు. దేశం వదిలి వెళ్లి, వీసా ముగిశాక ఆ డబ్బు తీసుకోవచ్చు, 35 శాతం టాక్స్ పోతుంది. మీరు క్యాష్‌గా తీసుకున్నదీ ఆదాయమే, టాక్స్ రిటర్న్‌లో చూపించండి. ఏడాదికి 18,200 డాలర్ల వరకు టాక్స్ ఉండదు కాబట్టి మీ మీద పడే భారం భయపడేంత ఉండదు, చూపించకపోతేనే కేసులో ఎదుటివాళ్లకి మాట దొరుకుతుంది. కిచెన్‌లో చెయ్యి కాలినా తెగినా వర్క్‌కవర్, అంటే పనిలో గాయాలకు ఇచ్చే ఇన్సూరెన్స్, మీకూ వర్తిస్తుంది, క్యాష్ జీతమైనా, వీసా ఏదైనా. డాక్టర్‌కి "ఇంట్లో తెగింది" అని చెప్పమంటారు, చెప్పకండి.

ఉచితంగా కూర్చుని మాట్లాడేవాళ్లు కావాలంటే మెల్‌బోర్న్‌లో జాబ్‌వాచ్, మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్ ఉన్నాయి. మీ యూనివర్సిటీ స్టూడెంట్ యూనియన్‌లో లీగల్ సర్వీస్ ఉంటే అక్కడా అడగండి. సిడ్నీ వైపు వాళ్లు ఇది చదువుతుంటే రెడ్‌ఫర్న్ లీగల్ సెంటర్‌లో ఇంటర్నేషనల్ స్టూడెంట్ల కోసమే ఒక విభాగం ఉంది. మీరు 48 దాటారు కాబట్టి ఒక క్రమం పాటించండి: ముందు వీళ్లలో ఒకరితో మాట్లాడి, వీసా రక్షణకు ధ్రువీకరణ ఎవరిస్తారో తేల్చుకుని, ఆ తర్వాత ఓనర్‌కి ఉత్తరం. వీసా సలహా కోసం డబ్బులిచ్చి లాయర్ కాని ఎవరి దగ్గరికైనా వెళ్తే, రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంట్ నంబరు, ఏడు అంకెలది, అడిగి చూశాకే ఇవ్వండి. అడ్మిషన్ ఇప్పించిన కన్సల్టెన్సీ వాళ్లకు ఆ నంబరు లేకపోతే ఇందులో సలహా ఇవ్వడానికి అర్హులు కారు.

రిప్లైలో రెండు విషయాలు చెప్పండి: ఇప్పటికీ అక్కడే చేస్తున్నారా లేక రావద్దన్నారా, రావద్దంటే ఏ తేదీన? ఆ బెదిరింపు నోటిమాటా, మెసేజా? 21 రోజుల లెక్క ఎప్పుడు మొదలైందో తెలిస్తే ముందు ఏ ఫారం నింపాలో చెప్తాను.